సౌర తుపాను భయం, పిడుగు దెబ్బ: ఉద్దానంలో ఒక ఇంటి సోలార్ కేసు

పలాస నుంచి మందస వెళ్లే దారిలో ఒక ఊరు. అక్కడ రిటైరైన హెడ్మాస్టరు గారి ఇంటి డాబా మీద 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపి నడిచే) సోలార్ సిస్టమ్ ఉంది. 2024 మే మూడో వారంలో దాని ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె, పూర్తిగా చచ్చిపోయింది. అదే నెల 10వ తేదీ రాత్రి పెద్ద సౌర తుపాను భూమిని తాకిన సంగతి టీవీల్లో, ఫోన్లలో మారుమోగిపోయింది. 2003 అక్టోబరు తర్వాత జీ5 స్థాయికి, అంటే కొలమానంలో ఆఖరి మెట్టుకు చేరిన మొదటి తుపాను అదే. డల్లాస్‌లో ఉంటున్న మాస్టారి అబ్బాయి ఆ రాత్రి ఆకాశం గులాబీ రంగులోకి తిరిగిన ఫొటోలు పంపాడు. పది రోజులకు ఇక్కడ ఇన్వర్టర్ పోయింది. ఇంట్లో వాళ్లు రెండింటినీ ముడిపెట్టేశారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇళ్లకు సోలార్ పెట్టడం, పాడైనవి బాగుచేయడం నా పని. ఈ సిస్టమ్ నేను వేసింది కాదు. 2023లో వేరే కాంట్రాక్టరు వేశాడు. నన్ను పిలిచింది మాత్రం రిపేరు కోసం కాదు, రక్షణ కోసం. "బాబూ, కొత్త ఇన్వర్టర్ కొనక తప్పదు. సూర్యుడు మళ్లీ అలాంటిది విసిరితే ఇదీ పోతుందని మావాడంటున్నాడు. దానికేదో పెట్టె ఉందట, అక్కడి నుంచి పంపిస్తానంటున్నాడు. పెట్టించమంటావా?" అని అడిగారు మాస్టారు.

ఇదే ప్రశ్న ఆ నెలలో నన్ను ఇంకా చాలామంది అడిగారు. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా, లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందు తేదీలు చూశాను

ఇంట్లో ఏం పాడైంది, ఎప్పుడు పాడైంది అన్నది తేలకుండా కారణం జోలికి పోకూడదు. ఇన్వర్టర్‌కు వైఫై డాంగిల్ ఉంది. అది ఐదు నిమిషాలకోసారి రీడింగ్ పంపుతుంది. మాస్టారి ఫోన్‌లో యాప్ తెరిచి మే 10 నుంచి గ్రాఫులన్నీ వరసగా చూశాం.

సౌర తుపాను మన టైములో 10వ తేదీ రాత్రి పదిన్నర ప్రాంతంలో మొదలైంది. పతాక స్థాయికి చేరింది 11వ తేదీ ఉదయం ఎనిమిది ప్రాంతంలో. అంటే తుపాను ముమ్మరంగా ఉన్నప్పుడే ఈ ఇన్వర్టర్ రోజూలాగే పొద్దున్నే మేలుకుని పని మొదలుపెట్టింది. ఆ రోజు గ్రాఫు గంట ఆకారంలో నున్నగా ఉంది. మధ్యాహ్నం మబ్బు పట్టినప్పుడు ఒక చిన్న నొక్కు పడింది, అంతే. సాయంత్రానికి 13 యూనిట్లు వచ్చాయి. 12, 13 తేదీలు కూడా అలాగే ఉన్నాయి. ఒక్క ఎర్రర్ కోడ్ లేదు.

చివరి రీడింగ్ ఆ తర్వాతి వారంలో ఒక సాయంత్రం 4:40కి పడింది. దానికి కాసేపటి ముందు ఇన్సులేషన్ ఫాల్ట్ (కరెంటు ఎర్త్‌లోకి కారుతోంది) అని ఒక ఎర్రర్ వచ్చి, తర్వాత అంతా ఖాళీ. ఆ సాయంత్రం ఏం జరిగిందని అడిగితే మాస్టారి భార్య టక్కున చెప్పారు: ఈదురుగాలి, ఉరుములు, వెనక జీడితోటలో పిడుగు పడిన చప్పుడు. కేబుల్ టీవీ సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటర్ కూడా ఆ పూటే పోయాయని, అవి మార్చేశామని అన్నారు. ఆ రెండింటినీ ఇన్వర్టర్‌తో కలిపి ఎవరూ ఆలోచించలేదు.

నాకు మాత్రం అదే పెద్ద ఆధారం. ఒక దేశం మొత్తాన్ని కప్పే సౌర తుపాను ఒక వీధిలో ఒక ఇంటి సెట్‌టాప్ బాక్సును వెతుక్కుంటూ రాదు. సర్వీసు ఇంజనీరు ఇన్వర్టర్ మూత తీసినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. డీసీ కేబుళ్లు లోపలికి వచ్చే వైపు నాణెం ఆకారంలో ఉండి, ఎక్కువైన వోల్టేజీని మింగే వేరిస్టర్లు నల్లగా పగిలి ఉన్నాయి. వాటి పక్కన సర్క్యూట్ బోర్డు మీది రాగి గీత ఒక అంగుళం మేర ఆవిరైపోయి, బోర్డు మీద మసి చార మిగిలింది. సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) వల్ల నష్టం, వారంటీ వర్తించదు అని రాసిచ్చి వెళ్లారు. పింఛను డబ్బుతో ఇంకో ఇన్వర్టర్ కొనాల్సి వచ్చింది ఆయనకు. సరైన ఎర్తింగ్ ఉండి ఉంటే ఆ ఖర్చు తప్పేది. ఈ పనిలో ఉన్నవాడిగా నన్ను బాధపెట్టేది ఇదే.

సౌర తుపాను ఇంటి తీగల్లో ఎంత వోల్టేజీ పుట్టిస్తుంది?

మాస్టారు లెక్కల మాస్టారు. ఆయనకు మాటలతో చెబితే సరిపోదు. అబ్బాయిని వీడియో కాల్‌లో పెట్టి, ఇద్దరి ముందూ కాగితం మీద లెక్క వేశాను.

సూర్యుడి నుంచి వచ్చేవి ఒకటి కాదు. సౌర జ్వాల అంటే ఎక్స్‌రేలు, అతినీలలోహిత కిరణాల పేలుడు. అది కాంతి వేగంతో ఎనిమిది నిమిషాల్లో మనల్ని చేరుతుంది. వాతావరణం పైపొరల్లోనే ఆగిపోతుంది. దూరప్రాంత షార్ట్‌వేవ్ రేడియో కాసేపు పనిచేయదు. మన నెత్తిమీద ఉన్న గాలి బరువు చదరపు మీటరుకు పది టన్నులు. పది మీటర్ల నీళ్ల కింద ఉన్నట్టే లెక్క. అంతరిక్షంలో ఉపగ్రహాల సోలార్ ప్యానెళ్లను దెబ్బతీసే కణాలు మన డాబా మీది ప్యానెల్‌ను చేరకపోవడానికి కారణం అదే.

నేల మీద కరెంటు వ్యవస్థను కదిలించేది రెండోది, సూర్యుడు విసిరే అయస్కాంత మేఘం. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో సీఎంఈ అంటారు. ఇది చేరడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. భూమి అయస్కాంత క్షేత్రాన్ని అది ఊపినప్పుడు నేలలో చిన్న వోల్టేజీ పుడుతుంది. చిన్నదే, కానీ కిలోమీటరుకు ఇంత అని పెరుగుతూ పోతుంది. వందల కిలోమీటర్ల లైను ఉంటే రెండు చివర్ల మధ్య వందల వోల్టులు కూడుతాయి. దాంతో లైను చివర్ల ఎర్త్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్లలోకి దాదాపు డీసీలాంటి కరెంటు దిగి, వాటి ఇనుప కోర్‌ను సాచురేట్ చేస్తుంది, అంటే ఆ ఇనుము ఇక అంతకు మించి అయస్కాంతత్వాన్ని మోయలేదు.

1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో జరిగింది ఇదే. అక్కడి పొడవాటి లైన్లలో వోల్టేజీని నిలబెట్టే పరికరాలు ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అయ్యాయి. నిమిషంన్నరలో గ్రిడ్ మొత్తం కూలిపోయింది. 60 లక్షల మందికి తొమ్మిది గంటల పాటు కరెంటు లేదు. ఆ రోజు అక్కడ నేలలో పుట్టిన వోల్టేజీ కిలోమీటరుకు సుమారు 2 వోల్టులు.

ఇప్పుడు మాస్టారి ఇల్లు. ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా కేబుల్ 22 మీటర్లు. క్విబెక్‌కు పదింతలు, అంటే కిలోమీటరుకు 20 వోల్టులు వేసుకుందాం. 22 మీటర్లకు వచ్చేది 0.44 వోల్టు. టార్చిలైటు సెల్లులో మూడో వంతు కూడా లేదు. ఈ సిస్టమ్‌లో 540 వాట్ల ప్యానెళ్లు ఆరు సిరీస్‌లో ఉన్నాయి. ఎండలో అవే దాదాపు 300 వోల్టులు ఇస్తున్నాయి. ఆ అర వోల్టు వాటికి లెక్కలోకే రాదు. పైగా ప్లస్, మైనస్ కేబుళ్లు రెండింటిలోనూ అది ఒకేలా పుడుతుంది కాబట్టి ఇన్వర్టర్‌కు తేడాయే కనిపించదు.

అబ్బాయి మంచి ప్రశ్న వేశాడు. "అన్నా, మరి డిస్కం లైను వైపు నుంచి రాదా? అది పొడవే కదా." ఊరి బయట ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించే మూడు ఫేజుల రకం. దాని 11 కేవీ వైపు వైండింగ్ డెల్టాలో (మూడు చుట్లూ త్రికోణంలా కలిపి) ఉంటుంది, అటువైపు ఎర్త్ చేసిన న్యూట్రల్ ఉండదు. నేలలోంచి కరెంటు ఎక్కి దిగడానికి దారే లేదు. పైన 400 కేవీ లైన్లలో ఏం జరిగినా, ఆ డీసీ ట్రాన్స్‌ఫార్మర్లు దాటి మన మీటరు దాకా రాదు. అక్కడి నుంచి మన దాకా వచ్చేది ఒకటే, కరెంటు పోవడం.

అదే డాబా, అదే తీగలు, పిడుగు

తర్వాత డాబా ఎక్కాను.

ప్యానెళ్ల వరస తూర్పు చివర నుంచి ప్లస్ కేబుల్ దిగి ఒక పిట్టగోడ వెంట వచ్చింది. మైనస్ కేబుల్ ఎదుటి పిట్టగోడ వెంట తిరిగి వచ్చి మెట్ల దగ్గర కలిసింది. కేబుల్ మిగలకుండా ఎక్కడికక్కడ దగ్గరి దారి చూసి లాగేశారు. రెండు తీగల మధ్య డాబా మీద 20 చదరపు మీటర్ల ఖాళీ జాగా చుట్టూ ఒక లూపు ఏర్పడింది. అంటే అంత పెద్ద ఏంటెన్నా.

ఈ లూపు లెక్క చూస్తే కేసు మొత్తం అర్థమవుతుంది. మామూలు పిడుగులో కరెంటు 30 వేల ఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. అది వంద మీటర్ల దూరంలో పడిందనుకుందాం, మన ఇంటి మీద కాదు. మైక్రోసెకన్లలో లేచే ఆ కరెంటు వల్ల 20 చదరపు మీటర్ల లూపులో వెయ్యి వోల్టుల పైనే పుట్టగలదు. ఇదే లూపును క్విబెక్ తుపానులో పెట్టి చూడండి. అక్కడ అయస్కాంత క్షేత్రం నిమిషానికి దాదాపు 500 నానోటెస్లాల చొప్పున మారింది. ఆ వేగానికి మన లూపులో పుట్టేది ఒక మైక్రోవోల్టులో ఆరో వంతు. పిడుగు మైక్రోసెకన్ల పని, సౌర తుపాను నిమిషాల పని. మార్పు ఎంత త్వరగా జరిగితే లూపులో అంత వోల్టేజీ. ఫారడే సూత్రం మాస్టారు పిల్లలకు చెప్పిందే. కాగితం తీసుకుని ఆయనే మళ్లీ ఒకసారి వేసుకుని చూశారు.

లూపుతో ఆగలేదు. లైట్నింగ్ అరెస్టర్ (పిడుగును పట్టే కడ్డీ) నుంచి కిందికి దిగే ఎర్త్ తీగను, డీసీ కేబుళ్ల పైపును ఒకే క్లాంపులో బిగించి మెట్ల పక్కగా దించారు. పిడుగు కరెంటు దిగాల్సిన తీగను ఇన్వర్టర్ కేబుల్‌కు అంటించి పెట్టడం అంటే పిడుగును ఇన్వర్టర్‌కు అప్పజెప్పడమే. మా జిల్లాలో చాలా ఇళ్లలో ఇదే చూస్తున్నాను.

డీసీడీబీ, అంటే ప్యానెళ్ల కేబుళ్లు ఇన్వర్టర్‌కు వెళ్లే ముందు ఉండే పెట్టె, మూత తీస్తే లోపల ఎస్‌పీడీ కిటికీ ఎర్రగా ఉంది. ఎస్‌పీడీ అంటే సర్జ్‌ను పట్టి ఎర్త్‌లోకి పంపే కార్ట్రిడ్జ్. దాని ముఖం మీద గోరంత కిటికీ ఉంటుంది. పచ్చగా ఉంటే పనిచేస్తున్నట్టు, ఎర్రబడితే పని అయిపోయినట్టు. అది ఆ సాయంత్రమే ఎర్రబడిందో, అంతకు ముందు ఏడాదే ఎర్రబడి ఎవరూ చూడలేదో చెప్పే దారి లేదు. పెట్టె మూతకు స్క్రూలు బిగించి ఉన్నాయి, లోపల దుమ్ము. ఆ కిటికీ ఒకటి ఉందని మాస్టారికి ఎవరూ చెప్పలేదు.

దాని ఎర్త్ తీగ చుట్టలు చుట్టుకుని మీటరు పైనే ఉంది. పిడుగు వేగంతో వచ్చే కరెంటుకు మీటరు తీగ అంటే మీటరుకు సుమారు వెయ్యి వోల్టులు అదనం. ఎస్‌పీడీ ఎంత మంచిదైనా ఆ వెయ్యి నేరుగా ఇన్వర్టర్ మీద పడుతుంది. అన్నీ కలిపి అర మీటరు దాటకూడదన్నది నియమం.

ఆఖరికి పిట్లు, అంటే ఎర్త్ రాడ్డు దించే గుంతలు. మూడు ఉన్నాయి: డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, అరెస్టర్‌కు ఒకటి. మూడు ఉండాలన్నది చెక్‌లిస్టులో ఉంటుంది కాబట్టి మూడూ తవ్వారు. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే అరెస్టర్ పిట్ 18 ఓములు చూపించింది. మేం 5 లోపు ఉండాలని చూస్తాం. అందులోకి 10 వేల ఆంపియర్లు దిగాయనుకుంటే లెక్క ప్రకారం లక్షా 80 వేల వోల్టులు. ఆ క్షణంలో ఆ పిట్ అంత ఎత్తుకు లేస్తుంది, పక్క పిట్ కింద ఉంటుంది. ఆ తేడా ఎక్కడో ఒకచోట తెగాలి. డీసీ ఎర్త్‌కూ ఏసీ ఎర్త్‌కూ మధ్యలో ఉన్నది ఇన్వర్టరే.

ఇక్కడ మా వాళ్లలోనే ఒక వాదన ఉంది. పిట్లు విడిగా ఉండాలని కొందరు, కలపాలని కొందరు. నా అభిప్రాయం గట్టిది: పిట్లు ఎన్నయినా తవ్వండి, కానీ భూమి లోపల వాటిని జీఐ స్ట్రిప్‌తో (జింకు పూత ఉన్న ఇనుప పట్టీతో) కలపండి. అన్నీ కలిసి లేచి కలిసి దిగితే మధ్యలో ఉన్న పరికరం బతుకుతుంది. పిడుగు రక్షణ ప్రమాణాలు చెప్పేదీ ఇదే. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవారికి మూడు పిట్లూ మూడుగానే కనిపిస్తాయి, ఇబ్బంది ఏమీ ఉండదు.

అమెరికా పెట్టె, అల్యూమినియం ఫాయిల్

అబ్బాయి పంపాలనుకున్న పెట్టె వివరాలు చదివాను. అది 120/240 వోల్టుల అమెరికన్ స్ప్లిట్ ఫేజ్ సప్లై కోసం చేసిన సర్జ్ ప్రొటెక్టర్. 120 వోల్టుల లైనుకు న్యూట్రల్‌కు మధ్య పెట్టే భాగాన్ని మన 230 వోల్టులకు తగిలిస్తే అది కాపాడేదేమీ ఉండదు, అదే కాలుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఇంటి కరెంటు లైనుకు పెట్టే సర్జ్ ప్రొటెక్టర్ ఏదైనా వందల వోల్టులు దాటాకే పనిలోకి దిగుతుంది. సౌర తుపాను తెచ్చేది ఇంటి తీగలో అర వోల్టు కూడా లేని నిదానమైన డీసీ. దాన్ని ఈ పెట్టె గుర్తించనే గుర్తించదు.

ఇలాంటి పెట్టెలు అమ్మేవాళ్లు అణుబాంబు ఈఎంపీని (పేలుడులో పుట్టే విద్యుదయస్కాంత పల్స్‌ను), సౌర తుపానును ఒకే గాటన కట్టేస్తారు. ఎత్తులో పేలిన అణుబాంబు నానోసెకన్లలో లేచే పల్స్ ఇస్తుంది, అది చిన్న తీగల్లోకీ దూరుతుంది. 1962 జులైలో పసిఫిక్ మీద అమెరికా చేసిన పరీక్షకు దాదాపు 1,400 కిలోమీటర్ల దూరంలోని హవాయిలో కొన్ని వీధి దీపాలు ఆరిపోయాయి. సూర్యుడు అలాంటి వేగమైన పల్స్ పంపడు. బాంబు పల్స్‌లో చివరగా వచ్చే నిదానమైన భాగం ఒక్కటే సౌర తుపానును పోలి ఉంటుంది.

కొత్త ఇన్వర్టర్‌కు ఫాయిల్ చుట్టాలన్న ఆలోచన కూడా వచ్చింది. అది ఒద్దే ఒద్దని చెప్పాను. ఇన్వర్టర్ వెనక రెక్కల్లోంచి వేడి బయటికి పోవాలి. మే నెలలో మా దగ్గర గోడే కాలుతుంటుంది. గాలి ఆడకపోతే ఉత్పత్తి తగ్గుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది.

నన్ను నిజంగా భయపెట్టింది మూడో సలహా. సౌర తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా డాబా ఎక్కి ప్యానెళ్ల కనెక్టర్లు ఊడదీయమని ఏదో వీడియోలో చెప్పారట. ఎండలో, లోడు మీద ఉండగా ఆ కనెక్టర్ లాగితే 300 వోల్టుల డీసీ ఆర్క్ లేస్తుంది. ఏసీలా అది తనంతట తాను ఆరదు. డెబ్బై దాటిన మనిషి మెట్లెక్కి ఆ పని చేయడం తలచుకుంటేనే టెన్షన్ వచ్చింది. మాస్టారి చేత మాట తీసుకున్నాను: కనెక్టర్ల జోలికి పోరు. ఎప్పుడైనా ఆపాల్సి వస్తే ముందు ఏసీ ఎంసీబీ (లైను వైపు స్విచ్చు), తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్చు). ఆ వరసను ఇన్వర్టర్ పక్కన గోడ మీద తెలుగులో రాసి అంటించాం.

చేసిన పని

ప్లస్, మైనస్ కేబుళ్లు రెండూ ఒకదానికొకటి ఆనించి ఒకే ట్రేలో తెచ్చాం. లూపు పోయింది. ఖర్చు కొన్ని మీటర్ల కేబుల్, ఒక పూట కూలి. ఈ కేసులో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదేనని నా నమ్మకం.

అరెస్టర్‌ను డాబా రెండో మూలకు మార్చి, దాని తీగను ఇంటి వెనక గోడ మీదుగా వంపులు లేకుండా తిన్నగా దించాం. డీసీడీబీలో టైప్ 1, 2 కలిసిన (పిడుగు కరెంటును, సర్జ్‌ను రెండింటినీ పట్టే) ఎస్‌పీడీ వేశాం, ఎర్త్ తీగ ఒక జానెడు. ఏసీ వైపు ఎస్‌పీడీయే లేదు, ఒకటి పెట్టాం. ప్యానెల్ ఫ్రేములు, స్ట్రక్చర్ కలిపి ఎర్త్ చేసేటప్పుడు పళ్లున్న వాషర్లు వాడాం. అల్యూమినియం ఫ్రేము మీది అనొడైజింగ్ పూత కరెంటును పోనివ్వదు. మామూలు వాషర్ బిగిస్తే చూడటానికి ఎర్త్ ఉన్నట్టే ఉంటుంది, మీటరు పెడితే ఏమీ చూపించదు. పంటి వాషర్ ఆ పూతను గీకి లోపలి లోహాన్ని పట్టుకుంటుంది.

అరెస్టర్ పిట్‌లో కొత్త రాడ్డు దించి చుట్టూ బెంటొనైట్ (తేమను పట్టి ఉంచే బంకమట్టి) నింపాం. మూడు పిట్లనూ స్ట్రిప్‌తో కలిపాక రీడింగ్ 5 ఓముల లోపుకు వచ్చింది. వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయమని చెప్పాం. మా ఎర్ర ఇసుక నేలలు త్వరగా ఆరిపోతాయి. కేబుల్ టీవీ తీగ స్తంభం మీద నుంచి నేరుగా హాల్లోకి వస్తోంది. దానికి కూడా గోడ దగ్గరే ప్రొటెక్టర్ పెట్టి అదే ఎర్త్‌కు కలిపాం. ఇంట్లోకి వచ్చే ప్రతి లోహపు తీగా ఒక దారే. సోలార్ ఒక్కటే చూసి మిగతావి వదిలేస్తే పని సగమే అయినట్టు.

ఇదంతా చేసినా పిడుగు నేరుగా ఇంటి మీదే పడితే ఏ పరికరమూ పోదని నేను హామీ ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా. చుట్టుపక్కల పడే పిడుగుల నుంచి ఇన్వర్టర్ బతకడానికి చేయగలిగినవన్నీ చేశాం.

మరి సౌర తుపానుకు ఏం చేశారు?

మాస్టారు ఈ ప్రశ్న వదల్లేదు. అడగాల్సిన ప్రశ్నే. సౌర తుపాను ప్యానెళ్లను ఏమీ చేయదు, కానీ గ్రిడ్‌ను పడగొట్టగలదు. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి కెనడా, స్వీడన్‌లతో పోలిస్తే మనకు ముప్పు తక్కువ. కానీ 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దక్షిణాది కలిసిన తర్వాత దేశమంతా ఒకే గ్రిడ్. పొడవాటి 765 కేవీ లైన్లు చాలా ఉన్నాయి. 2024 మేలో మన గ్రిడ్‌కు ఏమీ కాలేదు. 1859 నాటి తుపాను మాత్రం వేరే స్థాయిది. అప్పుడు మన ముంబైలోని కొలాబా అబ్జర్వేటరీలోనే క్షేత్రం 1,600 నానోటెస్లాల మేర పడిపోయినట్టు రికార్డుంది. అలాంటిది మళ్లీ వస్తే ఏ లైను ఎలా తట్టుకుంటుందో ఇంటి స్థాయిలో మనం నిర్ణయించలేం.

గ్రిడ్ పోతే మాస్టారి సోలార్ కూడా పోతుంది. ఇది చాలామందికి తెలియదు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైనులో కరెంటు లేదని తెలిసిన 2 సెకన్లలోపే ఆగిపోవాలి. లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఎండ మండిపోతున్నా, డాబా మీద 3 కిలోవాట్లు ఉన్నా, ఇంట్లో ఫ్యాను తిరగదు.

దీన్ని మా వాళ్లకు ఊహించుకోమని చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడే పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి నేలకొరిగాయి. స్తంభాలు పడిపోయి ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. మాస్టారి భార్యకు షుగర్. అప్పుడు ఇన్సులిన్‌ను మట్టికుండలో తడి ఇసుక పోసి కాపాడుకున్నారట. సూర్యుడి వల్ల పోయినా, సముద్రం వల్ల పోయినా కరెంటు లేకపోవడం ఒకటే. దానికి సిద్ధపడితే రెండింటికీ సిద్ధపడినట్టు.

హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ పెడితే బాగుండేది, కానీ అప్పుడే ఒక ఇన్వర్టర్ కొన్న ఇల్లు. అందుకని ఆన్‌గ్రిడ్‌ను కదపకుండా విడిగా చిన్నది పెట్టాం. ఇంట్లో పాత 12 వోల్టుల బ్యాటరీ ఒకటి మంచి కండిషన్‌లోనే ఉన్నా, కొత్తదానితో జత కలపడం మంచిది కాదు. అది ఇచ్చేసి ఒకే రకం 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు తీసుకుని 24 వోల్టుల ప్యూర్ సైన్‌వేవ్ హోమ్ ఇన్వర్టర్ పెట్టాం. ఫ్రిజ్‌కు స్క్వేర్‌వేవ్ పనికిరాదు. 540 వాట్ల ప్యానెల్ ఒకటి, ప్యానెల్ నుంచి బ్యాటరీని నింపే ఎంపీపీటీ చార్జ్ కంట్రోలర్ ఒకటి. ఓ మోస్తరు ఎండకు రోజుకు రెండు యూనిట్లు వస్తాయి. చిన్న ఫ్రిజ్‌కు ఒక యూనిట్ అటూఇటూ, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, నాలుగు లైట్లు, ఫోన్లు. అంతకు మించి దాని మీద ఏమీ వేయకుండా విడి లైను లాగాం. మోటారు, మిక్సీ దానికి అందవు.

తిత్లీలాంటి రోజుల్లో మబ్బుకు ఈ రెండు యూనిట్లు కూడా రావు. అందుకని తుపాను హెచ్చరిక వస్తే ఇన్వర్టర్‌ను గ్రిడ్ చార్జింగ్‌లో పెట్టి బ్యాటరీలు నింపుకోవాలి, ట్యాంకు నింపుకోవాలి, ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టుకోవాలి. సౌర తుపాను హెచ్చరికకు చేయాల్సిందీ అదే, వేరేదేమీ లేదు. ఆ మేఘం సూర్యుడి నుంచి బయల్దేరిందని ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తుంది. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 ఇప్పుడు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి చూస్తోంది. కరెంటు పోయి మళ్లీ వచ్చేటప్పుడు మాత్రం మొదట్లో వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. అప్పుడు ఏసీ ఎంసీబీ దించేసి, లైను నిలకడగా ఉందని తెలిశాక ఎత్తితే మంచిది.

తర్వాత

2024 అక్టోబరు 10న జీ4 స్థాయి సౌర తుపాను వచ్చింది. అబ్బాయి ఫోన్ చేశాడు. మర్నాడు గ్రాఫు చూసి మాస్టారే జవాబు చెప్పారు: మామూలే.

మరుసటి వేసవి ఉరుముల తర్వాత ఏసీ ఎస్‌పీడీ కిటికీ ఎర్రబడింది. మాస్టారు ఇప్పుడు ప్రతి ఉరుముల వాన తర్వాత టార్చి వేసి రెండు పెట్టెలూ చూస్తున్నారు. మూతలు పారదర్శకంగా ఉండేవి మార్చాం, స్క్రూ విప్పే పని లేదు. ఫొటో తీసి పంపారు. కార్ట్రిడ్జ్ ఒక్కటే లాగి కొత్తది పెట్టాం. రెండు వేల లోపు ఖర్చు. ఇన్వర్టర్‌కు, రూటర్‌కు, టీవీకి ఏమీ కాలేదు.

ఇంటి సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మా దగ్గర సోలార్ ఇళ్లు వేగంగా పెరుగుతున్నాయి. 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ చూసి పెట్టించుకుంటున్న వాళ్లలో చాలామంది ప్యానెల్ బ్రాండ్ అడుగుతారు. కేబుళ్లు ఏ దారిన వస్తున్నాయని, పిట్లు ఎంత ఓములని అడగరు. పెట్టే రోజు డాబా మీద నిలబడి ఆ రెండూ అడగండి. ఎర్త్ టెస్టర్ రీడింగ్ మీ ముందు తీయించండి, కాగితం మీద రాయించుకోండి.

అదే కాంట్రాక్టరు అదే వీధిలో మరో రెండు ఇళ్లకు వేశాడు. వెళ్లి చూస్తే రెండింట్లోనూ అరెస్టర్ తీగ, డీసీ పైపు ఒకే క్లాంపులో ఉన్నాయి. ఒక ఇంటివాళ్లు పని చేయించుకున్నారు. రెండో ఇంటివాళ్లు జీడి పంట డబ్బు చేతికొచ్చాక చూద్దామన్నారు. ఈలోగా కనీసం రెండు తీగలనూ ఆ క్లాంపులోంచి విడదీసి వచ్చాను.